నాలుగో నంబరు నమూనా

జిరాక్సు షాపు వెనక గది,
మంగళవారం

వదినా,

మీ మాట మీద వెళ్ళాను. వెళ్ళి వచ్చాను. కాళ్ళు పీకుతున్నాయి, నవ్వీ నవ్వీ దవడలు కూడా పీకుతున్నాయి.

"నలుగురిలోకీ వెళ్ళు, పరిచయాలు పెంచుకో, ఇంట్లో కూర్చుంటే పని నడిచి రాదు" అని ఆరు నెలలుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు కదా. నిన్న అనువాదకుల పరిచయ సభ జరిగింది, ఒక హోటల్లో రెండో అంతస్తు హాల్లో. గుమ్మంలోనే ఒక చీటీ ఇచ్చి గుండెల మీద అంటించుకోమన్నారు. ఏ భాష నుంచి ఏ భాషలోకి చేస్తారు, ఏ రంగం అని దాని మీద రాసుకోవాలి. నేను "వైద్యం" అని రాసుకున్నాను. పక్కనున్నావిడ అది చూసి తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడా అనువాదకురాలే, అయినా సరే.

మీరు చెప్పినట్టే రెండు వందల కార్డులు అచ్చు వేయించుకుని వెళ్ళాను. తీరా చూస్తే హాల్లో ఉన్నవాళ్ళంతా నాలాంటి ఫ్రీలాన్స్ వాళ్ళే, అందరి చేతుల్లోనూ కార్డులే. అందరూ అమ్మేవాళ్ళే వదినా, కొనేవాడు మచ్చుకు ఒక్కడు లేడు. మూడు గంటల పాటు ఒకరి కార్డు ఒకరికి ఇచ్చుకుని, ఒకరి వెబ్‌సైటు ఒకరు మెచ్చుకుని, "తప్పకుండా కలుస్తూ ఉందాం" అనుకుని ఎవరి దారిన వాళ్ళం పోయాం. ఇంటికొచ్చి చూసుకుంటే నలభై మూడు కార్డులు పోగయ్యాయి. బిస్కెట్ల డబ్బాలో పడేశాను.

లాభమల్లా ఒకే ఒక్క మనిషి. అరవై దాటిన పెద్దాయన, ముప్పై ఏళ్ళుగా అద్దె ఒప్పందాలు, కోర్టు కాగితాలు అనువదిస్తున్నారు. ఎక్కడికి వెళ్ళినా చంకలో తన దిండు తెచ్చుకుని, కుర్చీలో అది వేసుకుని కూర్చుంటారు. నేను మనసులో దిండు మాష్టారు అని పేరు పెట్టుకున్నాను, తర్వాత పైకే అనేశాను. నవ్వారు. నేను బల్ల అద్దెకు తీసుకున్న ఈ జిరాక్సు షాపులోనే, పక్క బల్ల ఖాళీగా ఉందంటే ఇవాళ పొద్దున్నే వచ్చి చేరారు.

ఇక అసలు సంగతి. మా కంపెనీ అనువాద విభాగం ఎత్తేసినప్పటి నుంచి నాకు నిలకడగా పని ఇచ్చేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. కంటి ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగం ఖాళీ అవుతోందని నా స్నేహితురాలు చెప్పింది. రెండు నెలల్లో అవునో కాదో చెప్పాలట. ఆ కుర్చీలో కూర్చున్నానంటే ఇక మళ్ళీ ఈ పని మొహం చూడనని భయంగా ఉంది. పద్నాలుగేళ్ళుగా నేను చేసింది ఇదొక్కటే. మీరు నేర్పిందీ ఇదొక్కటే.

మీ ఏజెన్సీలో వైద్య విభాగం చూసే కోఆర్డినేటరు మీకు బాగా తెలుసు కదా. ఒక్క మాట చెప్పండి వదినా. సిగ్గు విడిచి అడుగుతున్నాను.

మీ
వసపిట్ట


వంటింటి పక్క గది,
శుక్రవారం

వసపిట్టకి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే మోకాళ్ళావిడ సంగతి దగ్గర పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మధ్య అది అరుదు. రోజంతా తెర మీద పరాయి మాటలు టైపు చేస్తాం, ఇంటి మాటలైనా చేత్తో రాసుకుందామని నేను పెట్టిన నియమం ఇందుకైనా పనికొచ్చింది.

ఆ నలభై మూడు కార్డులు పారెయ్యకు. పని ఇచ్చేవాళ్ళ కోసం వెతికావు, అందుకే ఎవరూ కనపడలేదు. పని ఎక్కువై అల్లాడుతున్నవాళ్ళ కోసం వెతకాలి. ఇరవై ఆరేళ్ళలో నా దగ్గరికి వచ్చిన పనిలో ముప్పాతిక వంతు ఎవరో ఒకరు అలసిపోయి నా చేతిలో పెట్టిందే. ఒకావిడకి పురుడొచ్చింది, ఒకాయనకి కంట్లో శుక్లాలు వచ్చాయి, ఇంకొకావిడకి విసుగొచ్చింది. అలా వచ్చిన పని మళ్ళీ వెనక్కి పోలేదు. అందుకని ఆ మోకాళ్ళావిడని కూడా గుర్తుపెట్టుకో.

నీ కోరిక మాత్రం తీర్చలేను. తిట్టుకో. అయినవాళ్ళని సిఫార్సు చేయనని ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నాను. నువ్వు చిన్నపిల్లవి అప్పుడు. నా ప్రాణస్నేహితురాలి గురించి ఒకచోట గొప్పగా చెప్పాను. ఆవిడ పని చెడగొట్టింది, దిద్దమని నాకే పంపారు, దిద్దినందుకు ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. ఇప్పటికీ ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి పోతుంది.

కానీ ఒకటి చెప్తాను. ఏజెన్సీ వచ్చే నెల వైద్యం కోసం ఒకరిని తీసుకుంటోంది. ఒక్క చోటే ఉంది. ఎవరైనా పరీక్ష రాయొచ్చు. పేర్లు తీసేసి నంబర్లు వేసి దిద్దడానికి పంపుతారు, కాబట్టి నువ్వెవరి ఆడపడుచువో ఎవరికీ తెలియదు. రాయి. నా పేరు ఎక్కడా ఎత్తకు.

ఇంకో మాట. ఆ పరీక్ష గురించి నాకేమీ రాయకు. ఎలా రాశావో, ఏం రాశావో, ఒక్క ముక్క కూడా వద్దు. ఎందుకని అడగకు.

నాకు పనికేం కొదవ లేదు, పనిలోనే ఏమీ లేదు. యంత్రం చేసిన అనువాదం పంపి "కాస్త చూడండి" అంటున్నారు. కాస్త చూడటానికి రోజంతా పడుతోంది. ఆ వాక్యాలు తప్పూ కావు, ఒప్పూ కావు. నీ మొట్టమొదటి అనువాదం మీద ఎర్ర పెన్నుతో ఏం రాశానో గుర్తుందా? "ఇది ఎవరితో మాట్లాడుతోంది?" అని. నువ్వు ఏడ్చావు. ఇప్పుడు యంత్రాన్ని అదే అడగాలనిపిస్తుంది, అది ఏడవదు కూడా.

వదిన


జిరాక్సు షాపు వెనక గది,
వాన పడుతున్న సోమవారం

వదినా,

రాశాను. పంపాను. ఏమీ చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను. కానీ ఇంత నోరున్న దానికి ఎంత కష్టమో ఆలోచించండి.

దిండు మాష్టారి గురించి చెప్పొచ్చుగా? ఆయన కూడా రాశారు, నేనే పట్టుబట్టి రాయించాను. ఆయన చేతికి ఏ కాగితం ఇచ్చినా "ఇందుమూలముగా తెలియజేయునది" అని మొదలవుతుంది. "మాష్టారూ, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళే మనిషికి నోటీసు ఇస్తారా?" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, "అయితే నువ్వు ఎలా చెప్తావమ్మా?" అన్నారు. ఇంకేముంది, మొదలుపెట్టాను. టీ చల్లారిపోయింది. షాపు కుర్రాళ్ళు కూడా మిషను ఆపి విన్నారు. ఆయన తల ఊపుతూ ఏదో రాసుకున్నారు.

ఆయన వెళ్ళాక నా కాగితం ముందు నేను కూర్చున్నాను. అంతసేపు వాగిన నోరు అప్పుడు మూతపడింది. ఉద్యోగం, ఆసుపత్రి, మీరు, అన్నీ గుర్తొచ్చాయి. ఇక చెప్పను.

అలసిపోయాను వదినా. పని చేసి కాదు, పని కోసం ఎదురుచూసి.

మీ
వసపిట్ట


వంటింటి పక్క గది,
గురువారం

వసపిట్టకి,

ఇవాళ మనసు బాగుంది. ఎందుకని అడిగితే చెప్పలేను. ఒక మంచి రాత చదివాను. చదువుతుంటే ఎవరో ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. యంత్రాల మధ్య ఇన్నాళ్ళూ కొట్టుకుపోయి, ఇంకా ఇలా రాసేవాళ్ళున్నారా అనుకున్నాను. నా పని కూడా కాసేపు తేలికైంది.

ఆ కంటి ఆసుపత్రి వాళ్ళకి తొందరపడి మాట ఇచ్చెయ్యకు. ఊరికే అంటున్నాను. కబుర్లు మంచివి కూడా వస్తుంటాయి ఒక్కోసారి.

మీ అన్నయ్య "ఏమిటి, ఇవాళ కూనిరాగం తీస్తున్నావు?" అంటున్నారు. ముసలిదాన్ని కూనిరాగం కూడా తీయనివ్వరు.

వదిన


జిరాక్సు షాపు,
బుధవారం

వదినకి,

ఫలితాలు వచ్చాయి. నాకు రాలేదు. ఆ ఒక్క చోటూ దిండు మాష్టారికి వచ్చింది. ఆయనది ఏడో నంబరు, నాది నాలుగు. ఆయన సంతోషపడటానికి కూడా మొహమాటపడి, దిండు సర్దుకుంటూ గంటసేపు కూర్చున్నారు. నేనే టీ తెప్పించాను.

దిద్దినవాళ్ళు రాసిన మాటలు కూడా పంపారు. మీరు చూస్తే బాగుంటుందని కింద రాస్తున్నాను.

"నాలుగో నంబరు. తప్పులు లేవు. ఒక్క పదం కూడా వేలెత్తి చూపలేను. కానీ ఇది అలసిపోయిన మనిషి రాత. రోగికి అర్థం కావాలని రాసింది కాదు, ఎవరూ తనని తిట్టకూడదని రాసింది. ఇలా రాసేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నాం, ఇంకొకరు అక్కర్లేదు. ఇది ఎవరితో మాట్లాడుతోంది?"

అంతే. ఎవరో గాని శ్రద్ధగా చదివారు.

ఆసుపత్రి వాళ్ళకి వస్తానని చెప్పేశాను. సోమవారం నుంచి వెళ్తున్నాను. ఈ బల్ల ఖాళీ చేస్తున్నాను. కార్డులు ఇంకా నూట యాభై పైన మిగిలాయి, వెనక వైపు తెల్లగానే ఉంది కాబట్టి సరుకుల జాబితాలు రాసుకోవచ్చు.

అన్నయ్యని అడిగానని చెప్పండి.

వసపిట్ట


వంటింటి పక్క గది,
ఆదివారం

వసపిట్టకి,

ఉత్తరం చూసి బాధపడ్డాను. నువ్వు దిగులు పెట్టుకోకు. పరీక్షలన్న తర్వాత ఇలాంటివి మామూలే. దిద్దేవాళ్ళూ మనుషులే కదా, ఒక్కోసారి ఒక్కోలా ఉంటారు. నాకు కూడా మొదట్లో ఎన్నిసార్లో ఇలాగే జరిగింది.

ఇక్కడ మీ అన్నయ్య కిటికీ గొళ్ళెం బాగుచేస్తానని ఊడదీసి నాలుగు రోజులైంది. మళ్ళీ బిగించడం రావడం లేదు. మేకు పొడుగైందంటారు, చెక్క మెత్తబడిందంటారు. బజారుకి మూడుసార్లు వెళ్ళి మూడు రకాల గొళ్ళేలు తెచ్చారు, ఒక్కటీ ఆ కన్నంలో కూర్చోదు. వాన జల్లు నేరుగా నా బల్ల మీదకి కొడుతోంది. కాగితాల మీద పళ్ళేలు బోర్లించి పని చేసుకుంటున్నాను. నిన్న ఒక తాడు తెచ్చి కిటికీని కుర్చీకి కట్టారు. ఇప్పుడు కుర్చీ కదిపితే కిటికీ తెరుచుకుంటుంది. వడ్రంగిని పిలుద్దామంటే ఆయనకి నామోషీ. ఇంకో కిటికీ గొళ్ళెం కూడా వదులుగా ఉందని నిన్న చూసి వచ్చారు, నాకు గుండె దడగా ఉంది.

ఆసుపత్రి ఉద్యోగం కూడా మంచిదే. నిలకడ ఉంటుంది. వేళకి తిను.

వదిన


కంటి ఆసుపత్రి, రిసెప్షన్,
మంగళవారం

వదినకి,

కిటికీ సంగతి తెలిసింది.

ఇక్కడ పని ఏమంత కష్టం కాదు. ఆపరేషన్ అయి ఇంటికి వెళ్ళేవాళ్ళకి చీటీ, మందులు, ఒక సూచనల కాగితం ఇవ్వాలి. నిన్న ఒక పెద్దాయన, కంటికి కట్టుతో ఉన్నారు, రెండో కంటికి దగ్గరగా పెట్టుకుని ఆ కాగితం అంతా చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "అమ్మా, ఇంతకీ నేను తల వంచొచ్చా, వంచకూడదా?" అన్నారు.

తీసుకుని చూశాను. "శస్త్రచికిత్సానంతరం ద్విసప్తాహ పర్యంతం శిరస్సును అధోముఖంగా ఉంచుట నివారించవలెను" అని ఉంది.

"వంచకూడదు బాబాయిగారూ" అన్నాను. ఆయన "ఆ మాట ఇందులో రాయొచ్చుగా" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

కాగితం కింద అనువాదం చేసినవాళ్ళ పేరు లేదు. మన పని మీద పేరుండదు కదా.

వసపిట్ట


వంటింటి పక్క గది,
తేదీ చూసుకోలేదు, శనివారం అనుకుంటాను

అమ్మడూ,

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు పెన్ను పట్టుకోలేదు. ఇవాళ కూడా పట్టుకోవాలని లేదు. పోయినసారి నీళ్ళు నమిలాను. ఇంకోసారి నమిలితే నా మొహం నేను చూసుకోలేను.

నీ పరీక్ష దిద్దింది నేను.

ఆరేళ్ళుగా ఆ ఏజెన్సీ పరీక్షలు దిద్దేది నేనే. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను, మీ అన్నయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అందుకే నీ పరీక్ష గురించి ఏమీ రాయొద్దన్నాను. అంతవరకు నిజాయితీగానే ఉన్నాను.

పదకొండు నమూనాలు వచ్చాయి. తొమ్మిది పక్కన పెట్టాను. నాలుగు, ఏడు మిగిలాయి. ఏడో నంబరులో, ఆపరేషన్ అయిన కడుపు గురించి ఇలా ఉంది: "దగ్గు వస్తే సిగ్గుపడకండి. ఒక దిండు కడుపుకి అదిమి పట్టుకుని దగ్గండి." సిగ్గుపడకండి అన్నది మూలంలో లేదు. అది చేర్చినందుకు మార్కులు కొట్టెయ్యాలి. నేను కొట్టెయ్యలేదు. ఎందుకంటే ఆ మాట చదవగానే నీ గొంతు వినపడింది. ఇది వసపిట్ట తప్ప ఇంకెవరూ కాదనుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను, ప్రతి వాక్యంలోనూ నువ్వే. ఇన్నేళ్ళ ఒట్టు ఒక్క మధ్యాహ్నంలో గట్టున పెట్టాను. పెట్టి, సంతోషించాను. కూనిరాగం ఆ రోజుదే.

ఇక నాలుగు. అది చదువుతుంటే ఒళ్ళు మండింది. "దగ్గు సంభవించిన పక్షంలో ఉదరభాగమునకు మెత్తని ఆధారము కల్పించవలెను." అందులో తప్పు లేదు. అంత కోపం ఎందుకొచ్చిందో అప్పుడు తెలియలేదు. ఎవరో పరాయివాళ్ళే కదా, నీకు అడ్డం కూడా, అని ఇంకో రెండు మాటలు ఎక్కువే రాశాను.

తర్వాత నీ ఉత్తరంలో నా మాటలే నాకు ఎదురొచ్చాయి. పప్పులో కాలేశానని అప్పుడు తెలిసింది. నీకు ఫోను చేద్దామని మూడుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. చివరికి కూర్చుని కిటికీ గొళ్ళెం గురించి పేజీన్నర రాశాను. అంత సిగ్గుమాలిన ఉత్తరం నా జన్మలో రాయలేదు.

నిన్న పాత ఫైళ్ళు దింపించాను. ఆ కంటి కాగితం నాదే. పదిహేడేళ్ళ కిందట చేశాను. శిరస్సు, అధోముఖం, అన్నీ నావే. ఆ రోజుల్లో దిద్దేవాళ్ళు వాడుక మాట కనపడితే "గౌరవంగా లేదు" అని కొట్టేసేవాళ్ళు. రెండుసార్లు తిట్లు తిన్నాక నేనే ముందుగా కొట్టేసుకోవడం నేర్చుకున్నాను. ఆ తర్వాత నన్ను ఎవరూ తిట్టలేదు. పదిహేడేళ్ళుగా ఎంతమంది ఆ కాగితం పట్టుకుని ఇంటికి వెళ్ళారో. ఎంతమంది తల వంచారో.

కోఆర్డినేటరుకి అంతా చెప్పేశాను. ఆవిడ నిదానంగా విని, "పేర్లు మీకు తెలియవు కదండీ, మీరు ఊహించుకున్నది తప్పు కూడా అయింది, ఇక గొడవేముంది?" అంది. ఇక దిద్దనని చెప్పాను. నీకు మళ్ళీ పరీక్ష పెట్టమన్నాను, ఇంకొకరు దిద్దుతారు. ఒప్పుకుంది. వాళ్ళ దగ్గర నుంచి నీకు ఉత్తరం వస్తుంది.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు. నీ పని నీకు కాకుండా చేసింది నేనే. దానికి తోడు ఇన్ని రోజులు నోరు మూసుకున్నాను. రెండోదే పెద్ద తప్పు అని నాకు తెలుసు.

వదిన


కంటి ఆసుపత్రి, రిసెప్షన్ వెనక అల్మరా గది,
శుక్రవారం

వదినా,

నాకు తెలుసు.

ఆ వ్యాఖ్య చివరి వాక్యం చదవగానే తెలిసింది. ఆ ప్రశ్నకి నేను ఒకసారి ఏడ్చాను కదా, ఎలా మర్చిపోతాను? తెలిసే మీకు మాట పొల్లు పోకుండా రాసి పంపాను. మీరు చెప్తారా, దాటేస్తారా అని చూశాను. గొళ్ళెం ఉత్తరం వచ్చినప్పుడు నిజంగా ఏడ్చాను. పరీక్ష పోయినందుకు కాదు. మీరు కూడా అందరిలాంటివారేనా అని. ఆ రోజు మీ మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. కంటి కట్టు పెద్దాయన మాట అడ్డం పెట్టుకుని మిమ్మల్ని పొడవాలనే ఆ ఉత్తరం రాశాను. కాగితం మీదేనని నాకు ముందే తెలుసు. మీరు నాకు పని నేర్పేటప్పుడు ఇచ్చిన కట్టలో అది ఉంది.

నేను కూడా ఒకటి దాచాను. పరీక్ష రోజు ఆ కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఈ ఒక్క చోటూ పోతే అంతా పోతుందనిపించింది. భయం వేస్తే మనిషి తెలిసిన గోడ పట్టుకుంటాడు కదా, నేను మిమ్మల్ని పట్టుకున్నాను. మీరెలా రాస్తారో అచ్చం అలాగే రాశాను. మీరు రాస్తే ఎవరూ కాదనలేరనుకున్నాను.

ఇక ఏడో నంబరు సంగతి. ఆ సాయంత్రం నేను వాగిందంతా దిండు మాష్టారు రాసుకుని, శుభ్రంగా సర్ది పంపారు. సిగ్గుపడకండి అన్నది నేనన్న మాటే. ఆయన అది దాచలేదు, ఫలితం వచ్చిన రోజే "ఇది నీదమ్మా" అన్నారు. ఎవరో ఒకరికి పనికొచ్చింది లెండి అన్నాను. కాబట్టి మీరు సరిగ్గానే గుర్తుపట్టారు వదినా. మీరు ఎంచుకున్నది నా మాటని. కాదన్నది మీ రాతని.

ఏజెన్సీ వాళ్ళ ఉత్తరం వచ్చింది. వద్దని రాసేశాను. కోపంతో కాదు. దిండు మాష్టారు ఇప్పుడు మణికట్టు పట్టేసి, వచ్చిన దాంట్లో సగం నాకే పంపుతున్నారు. అలసిపోయినవాళ్ళని వెతకమన్నారుగా, వెతక్కుండానే దొరికారు. ఏజెన్సీ వాళ్ళకి ఈ సంగతి చెప్పే చేస్తున్నాం, దొంగతనం కాదు.

ఇక్కడ ఇంకో సంగతి జరిగింది. వచ్చేవాళ్ళలో సగం మందికి మన భాష రాదు. హెడ్ నర్సు తల పట్టుకుంటే, నేను బిస్కెట్ల డబ్బా తెచ్చి కౌంటరు మీద బోర్లించాను. నలభై మూడు కార్డులు, పన్నెండు భాషలు! అందరూ అమ్మేవాళ్ళే, కొనేవాడు లేడని రాశానే, ఇప్పుడు ఆ కొనేది నేనే అయ్యాను. మోకాళ్ళావిడ గురువారాలు వచ్చి రోగులకి దుబాసీగా కూర్చుంటోంది. వచ్చిన ప్రతి డాక్టరుకీ మోకాళ్ళు చూపిస్తోంది. కంటి డాక్టర్లని చెప్పినా వినదు.

అలసటగానే ఉంది వదినా. పొద్దున్న ఎనిమిదింటికి నిలబడితే మధ్యాహ్నం దాకా కూర్చోవడం ఉండదు. కానీ ఇక్కడ నేను రాసేది చదివే మనిషి ఎదురుగా ఉంటాడు. అర్థం కాకపోతే అక్కడే అడుగుతాడు. పద్నాలుగేళ్ళలో నన్ను ఎవరూ అలా అడగలేదు.

ఆసుపత్రి కాగితాలన్నీ మళ్ళీ రాయించాలని నర్సుని ఒప్పించాను. ఒక్కదాన్నే చేయలేను. మీరు కావాలి. అయినవాళ్ళని సిఫార్సు చేయకూడదనే ఒట్టు నాకు లేదు, కానీ మీకు ఉంది కాబట్టి నేనూ చెప్పలేదు. అందరిలాగే మీరూ నమూనా పంపండి. పేరు రాయకండి. మూలం ఇందులో పెట్టాను, ఆ కంటి కాగితమే. దిద్దేది నేను కాదు. ఆ పెద్దాయన రెండో కంటికి ఆపరేషన్‌కి వచ్చే వారం వస్తున్నారు. చదివి ఆయన చెప్తారు. ఆయన మళ్ళీ నా దగ్గరికి వచ్చి అడిగితే మీరు తప్పినట్టే.

మీ నంబరు నాలుగు.

వసపిట్ట


వంటింటి పక్క గది,
సోమవారం

దిద్దే పెద్దాయన గారికి,

మీ కంటి ఆపరేషన్ అయిపోయింది. ఇక ఇంటికి వెళ్ళొచ్చు.

రెండు వారాలు తల వంచకండి. చెప్పులు కావాలంటే కుర్చీలో కూర్చుని కాళ్ళతోనే తొడుక్కోండి. కింద ఏదైనా పడితే పడి ఉండనివ్వండి, ఎవరో ఒకరు వచ్చి తీస్తారు. కంట్లో నలక పడినట్టు ఉంటుంది. అది నలక కాదు, నలపకండి. చుక్కల మందు వేసుకునే ముందు చేతులు కడుక్కోండి. బరువులు ఎత్తకండి. నొప్పి ఎక్కువైనా, చూపు తగ్గినట్టు అనిపించినా రేపటి దాకా ఆగకండి, వెంటనే వచ్చేయండి.

ఇందులో ఏది అర్థం కాకపోయినా తప్పు మీది కాదు, రాసినవాళ్ళది. కౌంటరు దగ్గర ఒక అమ్మాయి ఉంటుంది. బాగా మాట్లాడుతుంది. మొహమాటపడకుండా ఆమెని అడగండి.

ఈ చివరి నాలుగు వాక్యాలు మూలంలో లేవు. మార్కులు కొట్టెయ్యొచ్చు.

నాలుగు